ఎదురీతతో మొదలయ్యే పయనం

మెదక్ పట్టణానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో పోచారం జలాశయం ఉంది. మంజీర నదిలో కలిసే వాగు మీద దాన్ని నిజాం కాలంలో, 1916–22 మధ్య కట్టారు. చేపలు పట్టేవాళ్లు అక్కడ వాడే పుట్టి గుండ్రంగా ఉంటుంది. తెడ్డుతో ముందున్న నీటిని తమవైపు లాక్కుంటూ పోవాలి, లేకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. కయాక్ తీరు వేరు. మంచుదేశాల ఇన్యూట్ జనం ఒంటరి వేట కోసం సీల్ తోలు కప్పి చేసుకున్న సన్నని, పొడవాటి పడవ అది. రెండు చివర్లా రెక్కలున్న తెడ్డును అటొకసారి ఇటొకసారి వేస్తే సూటిగా దూసుకుపోతుంది.

ఇందులో ఒక్కరే వెళ్లి అదే ఒడ్డుకు తిరిగి రావాలంటే, రాక గురించి పోకముందే ఆలోచించాలి.

నిలకడ నీటిలో గంటకు 5 కిలోమీటర్లు తెడ్డు వేయగల మనిషిని తీసుకుందాం. నది గంటకు 2 కిలోమీటర్ల వేగంతో పారుతుంటే ఎగువకు 3, దిగువకు 7 కిలోమీటర్ల వేగం వస్తుంది. 5 కిలోమీటర్లు ఎగువకు పోవడానికి గంటా నలభై నిమిషాలు, తిరిగి రావడానికి 43 నిమిషాలు. ముందు దిగువకు పోయినా మొత్తం సమయం మారదు. కానీ అప్పుడు కష్టమంతా భుజాలు అలిసిపోయాక మొదలవుతుంది. అందుకే ఎదురీత ముందు.

మంజీరలో ఇంకో జాగ్రత్త కావాలి. నది ఏడు పాయలుగా చీలే ఏడుపాయల దగ్గర 1905 నాటి ఘనపూర్ ఆనకట్ట ఉంది. వరదొస్తే వనదుర్గమ్మ గుడినే ముంచెత్తే ప్రవాహమది. ఆనకట్ట మీంచి దూకిన నీరు కింద సుడి తిరిగి మళ్లీ గోడవైపే లాగుతుంది. లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడటం కష్టం. ఇలాంటి కట్టడాలకు చాలా ఎగువన పడవ దింపాలి. వరద రోజుల్లో అసలు దింపకూడదు.

చెరువులో ప్రవాహం పని గాలి చేస్తుంది. పొద్దెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది, నీటి మీద అది ఎంత దూరం వీస్తే అలలు అంత లేస్తాయి. గాలికి ఎదురుగా బయలుదేరితే వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. పోచారం చుట్టూ అభయారణ్యం ఉంది కాబట్టి ముందుగా అటవీ శాఖను అడగాలి. చలికాలంలో వలస పక్షుల గుంపులకు దూరంగా పోవడం తెడ్డు వేసేవారి బాధ్యత.

పడవ బోల్తాపడితే? పైన కూర్చునే రకం కయాక్ అయితే ముందు దాన్ని తిరగేయాలి. తర్వాత పక్కనే నీళ్లలో బోర్లా తేలి, కాళ్లు గట్టిగా ఆడిస్తూ ఛాతీని పడవ మీదికి జరపాలి. నడుము చేరాక వెల్లకిలా తిరిగి కూర్చుని, అప్పుడు కాళ్లు లోపలికి తీసుకోవాలి. దీన్ని లోతు తక్కువ నీటిలో, పక్కన తోడు ఉండగా నేర్చుకున్నాకే ఒంటరిగా వెళ్లాలి.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ ప్రవాహమే దిక్కు మార్చుకుంటుంది. సుమారు ఆరు గంటలు పోటు, ఆరు గంటలు ఆటు. సముద్రం వైపు నుంచి పోటుతో పాయలోకి వెళ్లి, నీరు నిలబడగానే వెనుదిరిగితే ఆటు బయటికి తెస్తుంది. ఆలస్యమైతే చిన్న పాయల్లో నీరు తీసి పడవ ఒండ్రులో కూరుకుపోతుంది. దిగి నడిస్తే మోకాళ్ల దాకా బురద. మళ్లీ పోటు వచ్చేదాకా పడవలోనే కూర్చోవాలి. తాగునీరు కాస్త ఎక్కువే పెట్టుకోవాలి.