కొర్రమీనుదీ కన్నప్రేమే!

మీవారికి గాలం పిచ్చి ఉందా? ఆదివారం వస్తే చాలు, తుంగభద్ర మడుగులకో, సుంకేసుల నుంచి కడప దాకా సాగే కేసీ కాలువ పక్క గుంటలకో పరుగు తీస్తారా? మధ్యాహ్నం ఖాళీ సంచీతో తిరిగొస్తే మాత్రం నవ్వకండి. కొర్రమీను అంత మొండిది మరి!

అది గాలి పీల్చుకోవడానికి పైకొస్తుంది కాబట్టి ఎక్కడుందో తెలిసిపోతుంది. అయినా తేటనీళ్లలో గట్టుమీది మనిషి నీడ పడితే చాలు, గడ్డిలోకి జారుకుంటుంది. కప్పపిల్లను గుచ్చి ముందు ఆడించినా ఒక్కోసారి కదలదు. విదేశాల్లో ఇలాంటి మొండి చేపల కోసం ఈకలు, దారాలు చుట్టి పురుగులాంటి ఎర తయారుచేస్తారు.

ఇంత మొండిదీ ఒక్క సమయంలో సులువుగా చిక్కుతుంది. వానాకాలంలో, పిల్లలున్నప్పుడు. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైకి వస్తుంటే కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. దగ్గరికొచ్చిన దేనిమీదికైనా దూకుతాయి. ఆకలితో కాదు, పిల్లల కోసం! అప్పుడు పెద్దచేపను లాగేస్తే ఆ పిల్లలన్నీ వేరే చేపల పాలే.

అందుకే మీవారికి ఒక్కమాట చెప్పండి. ఎర్రపిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేయొద్దని.

మిగతా రోజుల్లో చేప దొరికితే సంతోషమే. ఉప్పు, బూడిద రాసి జిగురు పోయేదాకా బండమీద రుద్ది కడగండి. చింతపండు పులుసు పెట్టి రాగిసంగటితో వడ్డించండి. ఖాళీ సంచీతో వచ్చారా? చెనిక్కాయల ఊరిబిండి ఎటూ ఉండనే ఉంది!