రాయచూరు జింకకు తగిన తుపాకి యేది?

కొలది దినముల క్రిందట రాయచూరు జిల్లా సింధనూరు ప్రాంతమునుండి మాకు పరిచితుడైన యొక రైతు లేఖ వ్రాసెను. తుంగభద్ర యెడమకాలువ పారిన పిమ్మట కోస్తా జిల్లాలనుండి తరలిపోయి, అచట ‘క్యాంపు’లను పేర పల్లెలు కట్టుకొని స్థిరపడిన తెలుగు కుటుంబములలో వారిది యొకటి. కాలువక్రింది మాగాణి గాక, నీరెక్కని నల్లరేగడి చేను కొంత వారికి కలదు. ఆ చేనిలో శనగ మొలకెత్తినదే తడవుగా జింకల మంద దిగుచున్నదట. భుజమునకు భారము గాక, వెల మితముగా నుండు రైఫిలు జింకకు ఏది తగును, ఏ బోరు మేలు, అని వారి ప్రశ్న. రాజధానిలో నుండువారము గావున తెలిసినవారిని విచారించి వ్రాయవలసినదని కోరిరి.

ఈ ప్రశ్నకు తుపాకుల శాస్త్రము చెప్పు జవాబొకటి, దేశపు చట్టము చెప్పు జవాబొకటి కలవు. రెండును చెప్పిన పిమ్మట గూడ ఒక చిక్కు మిగిలియుండును. ఆ చిక్కు రైతు ఒక్కనిది కాదు. నగరములలో నుండు మనది గూడ. అందుచేత ప్రత్యుత్తరమును ఈ పుటలోనే వ్రాయుచున్నాము.

రాయచూరునకు తుపాకి క్రొత్తది కాదు. కృష్ణా తుంగభద్రల నడిమి ఈ అంతర్వేదికై విజయనగరమును బిజాపురమును తరతరములు పోరాడినవి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినపుడు క్రిస్టోవావ్ డి ఫిగైరెదో అను పోర్చుగీసు వాడు తన తుపాకివాండ్రతో రాయల పక్షమున నిలిచి, కోటగోడపై తలయెత్తినవారిని గురిచూచి కొట్టెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియున్నాడు. దూరమునుండి ఒక్కని గురిచూచి కొట్టు విద్య యొక్క బలము దక్కనులో నాడే తెలిసినది.

ఇక మృగమును గూర్చి. మన భాషలో జింక యనుమాట పెక్కింటికి చెల్లుచున్నది. అడవులలో నుండు చుక్కల దుప్పియు, సాంబరు అనబడు కణుజును ఏటేట కొమ్ములు రాల్చి మరల మొలిపించుకొను జాతివి. రాయచూరు మైదానములోని కృష్ణజింకయు చింకారాయు ఆ జాతివి కావు. వాని కొమ్ములు రాలవు. తుపాకి యెన్నికకు ఈ భేదము ముఖ్యము. కణుజుపోతు రెండువందల కిలోలకు మించి తూగును. కృష్ణజింక ముప్పదినుండి నలువదియైదు కిలోలు, చింకారా అందు సుమారు సగము. దుప్పి చెట్లనీడలో నుండును గావున ఏబది గజములలోనికి పోవచ్చును. కృష్ణజింక బయలునందు మేయును. నడచివచ్చు మనుష్యుని మిక్కిలి దూరమునుండియే అనుమానించును, ఎద్దులబండిని అంతగా అనుమానింపదు. అందుచేతనే పూర్వపు వేటకాండ్రు బండిచాటున నడచి దానిని సమీపించెడివారు. హరణశికారీలను సంచారజాతివారు తుపాకియే లేక ఉచ్చులొడ్డి పట్టెడివారు. దొరలును నవాబులును మచ్చిక చేసిన చీతాను బండిలో తెచ్చి మందపై విడిచెడివారు. రాయచూరు 1956 నవంబరు 1వ తేదీవరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ సంస్థానపు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వేటలో పేరెన్నికగన్నవాడు. ఆయన వేటవిడిదులను రాజా దీన్‌దయాళ్ తీసిన ఛాయాపటములలో నేటికిని చూడవచ్చును.

అయితే సామాన్యునకు చీతా యెక్కడిది? అతడు కొనదలచినది తుపాకి. అదియు తేలికయైనది, చౌకయైనది. ఇచటనే చిక్కు మొదలగును. ఒకే తూటాకు తుపాకి బరువు తగ్గిన కొలది భుజముపై తన్ను పెరుగును. నాలుగు కిలోల రైఫిలును మూడు కిలోలకు తగ్గించితిమేని తన్నులోని శక్తి మూడవవంతు హెచ్చును. తన్నునకు జంకినవాడు మీటనొక్కు క్షణమున కన్నుమూయును, గురి తప్పును. కావున తేలిక తుపాకి కావలెనన్నచో చిన్నబోరు తూటాను ఎన్నుకొనవలయును. గుండు బరువు తగ్గించి వేగము హెచ్చించినచో భుజమునకును సుఖము, గురికిని సుఖము.

ఉదాహరణమునకు రెండు తూటాలను పోల్చి చూతము. మన దేశమున ప్రచారములోనున్న .315 బోరు గుండు 244 గ్రెయినుల బరువు గలిగి, సెకనుకు ఇంచుమించు 2,000 అడుగుల వేగముతో పోవును. జర్మనులు నిర్మించిన 7 మిల్లీమీటర్ల మౌజరు తూటానే ఆంగ్లేయులు .275 రిగ్బీ యనిరి. దాని 140 గ్రెయినుల గుండు సుమారు 2,700 అడుగుల వేగము కలది. రెండువందల గజములు పోవునప్పటికి మొదటిది ఎంత క్రిందికి దిగునో, రెండవది అందు దాదాపు సగమే దిగును. బయలులో దూరమును కంటితో అంచనా వేయువాడు ఏబది గజములు పొరబడుట సులభము. ఆ పొరపాటును బరువుగుండు క్షమింపదు, వడిగుండు కొంత క్షమించును. చంపావతి నరభక్షకిని చంపినందులకు 1907లో జిమ్ కార్బెట్టునకు బహుమానముగా లభించినది ఈ .275 రిగ్బీయే. కావున శాస్త్రమునే యడిగినచో జవాబు స్పష్టము: జింకకు ఆరున్నరనుండి ఏడు మిల్లీమీటర్ల బోరు, మూడు మూడున్నర కిలోల బరువు. అంతకు మించిన బోరు కృష్ణజింకకు అనవసరము.

కాని శాస్త్రము చెప్పినది చౌకలో దొరకలేదు. సైన్యమునుండి తూటాలు దొంగిలింపబడి తమపైననే ప్రయోగింపబడునను భయముచే ఆంగ్లప్రభుత్వమువారు సైనికుల .303 బోరును ప్రజలకు నిషేధించిరి. ఆ లోటు తీర్చుటకే .315 ప్రచారమునకు వచ్చినది. బంగాళములోని ఇషాపూరు ప్రభుత్వ కర్మాగారము దానిని తయారుచేయసాగిన పిమ్మట మధ్యతరగతి వేటకానికి అదియే గతియైనది. సీమతుపాకుల వెల అతని కందునది కాదు. .315 కొనలేనివాడు పన్నెండు బోరు తుపాకిలో పెద్దగుళ్ళ తూటా వేసెడివాడు. అదియు లేనివాడు గొట్టము మూతినుండి మందు కూరు నాటుతుపాకి పట్టెడివాడు.

చౌకతుపాకి వెల యింతటితో తీరదు. పన్నెండు బోరు గుళ్ళు నలువది గజములు దాటినంతనే చెదరును. బయలులో కృష్ణజింక నలువది గజములలోనికి రానీయదు. అయినను ఆశ యుండదా? నూరు గజములనుండి కాల్చెడివారు. మంద పరుగెత్తును, ఒకదాని పొట్టలోనో కాలిలోనో గుండు దిగబడును, అది రెండుమూడు దినములకు ఏ వాగులోనో పడి చచ్చును. వేటకానికి మాంసము లేదు, రైతునకు మేలు లేదు. తుపాకి వెలలో మిగిల్చిన రూపాయలను ఆ మృగము తన బాధతో చెల్లించుకొన్నదన్నమాట. పూర్వపు మంచి వేటకాండ్రు దీనిని ఎరుగుదురు. చాలినంత తుపాకి లేనివాడు కాల్చరాదనియు, గాయపడినదానిని వెదకి చంపక యిల్లు చేరరాదనియు వారి నియమములు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఆ నియమములును నిలువలేదు. జీపుబండ్లు సులభముగా దొరకసాగినవి. రాత్రివేళ దీపపు వెలుగు కన్నులలో పడినచో మృగము దిగ్భ్రమచెంది నిలిచిపోవును. ఇక వేటకానికి ఓర్పు అక్కరలేదు, నడక అక్కరలేదు, గురియు అంతగా అక్కరలేదు. 1947లో కొరియా సంస్థానమున ఒక్కరాత్రి కాల్చబడిన మూడు చీతాలే మన దేశమునందలి తుదివని చరిత్ర చెప్పుచున్నది. 1952లో ఆ జాతి అంతరించెనని ప్రభుత్వము ప్రకటించెను. చీతాకు ఆహారమైన కృష్ణజింకయు ఒకప్పుడు మైదానములన్నిట నిండియుండి, కొన్ని తావులకే పరిమితమైనది.

అప్పుడు చట్టము కలుగజేసికొన్నది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991 సవరణచే లైసెన్సు పుచ్చుకొని వేటాడు పద్ధతియే తొలగింపబడెను. కృష్ణజింక ఆ చట్టపు మొదటి పట్టికలోనిది. దానిని చంపినవానికి మూడేండ్లకు తక్కువకాని, ఏడేండ్లవరకు పెరుగగల కారాగారశిక్షయు జరిమానాయు విధింపబడును. పంట మేసినదను కారణముపై దానిని చంపుటకు అనుమతి లేదు. మనుష్యప్రాణమునకు అపాయకరమైనపుడో, కోలుకొనరాని గాయము, రోగము గలిగినపుడో మాత్రమే ముఖ్య వన్యప్రాణి పాలకుడు అనుమతింపవచ్చును. 1959 ఆయుధచట్టమును చూచినను పంటరక్షణకై అది పేర్కొన్న ఆయుధము రైఫిలు కాదు; మూతినుండి మందు కూరు తుపాకి. దాని చప్పుడు మందను బెదరించుటకు చాలును గాని, గుండు జింకకు తగిలినచో నేరమే.

కావున మన రైతు మిత్రునకు జవాబు తేలినది: జింకకు తగిన రైఫిలు కలదు, దానిని జింకపై పేల్చుటకు హక్కు లేదు. ఇంతటితో లేఖ ముగించి తపాలాలో వేయవచ్చును. కాని మా మనస్సు ఒప్పుకొనలేదు. ఆయన శనగచేను మాటయేమి?

చట్టము ఫలించినది, పెక్కుచోట్ల మందలు మరల పెరిగినవి. రాయచూరునుండి కృష్ణ దాటినంతనే తెలంగాణపు నారాయణపేట జిల్లా వచ్చును. అచటి కృష్ణా, మాగనూరు మండలముల రైతులును జింకలు పైరు మేయుచున్నవని మొరపెట్టుకొనుచున్నారు. ఆంధ్రప్రదేశమునకు కృష్ణజింకయు తెలంగాణమునకు దుప్పియు రాష్ట్రమృగములు. రాష్ట్రమృగములని చెప్పుకొని మనము గర్వించుచున్నాము. సెలవుదినమున పిల్లలను తీసికొనిపోయి దూరమునుండి మందను చూపి ఆనందించుచున్నాము. ఆ మంద మేత వెల మాత్రము మెట్టచేను దున్నుకొను ఒక్కనిపై పడుచున్నది. మృగము అందరి సొత్తని చట్టము చెప్పినపుడు, దాని పోషణభారము అందరిది కావలదా?

మార్గములు లేకపోలేదు. 2025లో మధ్యప్రదేశమున హెలికాప్టరుతో మందలను మెల్లగా తోలి, గరాటువలె కట్టిన దడిలోనికి చేర్చి, వందలకొలది కృష్ణజింకలను ప్రాణహాని కలుగకుండ పట్టి అభయారణ్యములలో విడిచిరి. వ్యయము అధికమైనను, సాధ్యమని తేలినది. పంటనష్టమునకు పరిహారమిచ్చు విధానము కర్ణాటకమునను కలదు. అడవిజంతువుల వలని నష్టమునకు 2026 ఖరీఫునుండి ప్రధానమంత్రి పంటల బీమా వర్తించునని కేంద్రప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించెను. నష్టము జరిగిన 72 గంటలలో రైతు తెలుపుకొనవలయును. ఏ జంతువులకు ఇది వర్తించునో రాష్ట్రప్రభుత్వము ముందుగా ప్రకటింపవలయును. ఆ పట్టికలో కృష్ణజింక పేరు లేనిచో రాయచూరు రైతునకు ఆ బీమా ఉండియు లేనట్లే. పరిహారమును గూర్చియు ఒకమాట. జింక మేసిపోయిన శనగమొలక మరునాటికి సాక్ష్యము చెప్పజాలదు. చేను చూచి నష్టము వ్రాయువాడు పది దినములకు వచ్చినచో, ఆ వచ్చుట రైతునకు నిష్ప్రయోజనము.

నగరమందలి వకీళ్ళును, ఇంజనీర్లును, ఉద్యోగులును చేయగలపని ఇచటనే కలదు. దరఖాస్తు వ్రాయుట, గడువు తెలియజెప్పుట, పట్టికలో పేరు చేర్చుమని ప్రభుత్వమునకు విన్నవించుట మనకు చేతనైన పనులు. మనలో పెక్కురకు పల్లెలో అన్నదమ్ముల చేలు ఇంకను ఉన్నవి. చట్టము తెలియని రైతు విసిగి రహస్యముగా తుపాకి పట్టినచో జింకయు చచ్చును, ఆయనయు చెరసాల పాలగును. రెండు నష్టములను ఒక్క సకాల దరఖాస్తు తప్పింపగలదు.

మిత్రునకు మేము ఇట్లు వ్రాసితిమి: అయ్యా, మీరడిగిన రైఫిలు బోరును బరువును ఇందు వివరించితిమి, తెలిసికొనుటకే గాని కొనుటకు కాదు. ఇరుగుపొరుగు చేలవారితో కలిసి మొలకదినములలో వంతులవారీగా రాత్రికావలి ఉండుడు. మేసిన చేనుకు ఆ ఉదయమే ఛాయాపటము తీయించి, అటవీశాఖవారికి నాటిదినమే వ్రాతమూలముగా తెలుపుడు. దరఖాస్తు ప్రతి యొకటి మాకు పంపుడు. అది ఏ బల్లపై ఆగినదో కనుగొనుట మా పని.