భయమని చెప్పనివ్వండి!

పిల్లాడు ఏడిస్తే మనమేం చేస్తాం? ‘ఛ, మగపిల్లాడివి కాదూ!’ అంటాం. భయపడితే ‘పిరికోడా’ అని నవ్వుతాం. నేనూ అంతే చేశాను, టీచరునై ఉండి కూడా!

అప్పట్లో నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఓ పట్టపుపాలెం ప్రాథమిక పాఠశాలలో పనిచేసేదాన్ని. 2004 డిసెంబరు 26, ఆదివారం. సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపంతో లేచిన సునామీ మన తీరాన్నీ తాకింది. పడవలు, వలలు పోయాయి. బడి తెరిచాక పిలకాయలు వచ్చారు గానీ మునుపటి అల్లరి లేదు.

మూడో తరగతిలో ఒకడు మరీ మారిపోయాడు. గాలికి తలుపు కొట్టుకుంటే చాలు, బయటికి పరుగెత్తేవాడు. ‘అల వచ్చెరోయ్!’ అని మిగతావాళ్ల ఎగతాళి. ఓరోజు పక్కపిల్లాణ్ణి రక్తం వచ్చేలా కొరికాడు. నేను బెత్తం అందుకుని రెండు తగిలించాను.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది. నిలదీస్తుందేమో అనుకున్నా. ‘కొట్టండి టీచరమ్మా, మేమూ కొడతానే ఉండాం. రాత్రిళ్లు నిద్దరపోడు. అల చప్పుడుకి లేచి నా కొంగు పట్టుకుంటాడు’ అని కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి మొదటి పది నిమిషాలు పుస్తకాలు తీయనివ్వలేదు. గుండ్రంగా కూర్చోబెట్టి ‘ఈపొద్దు మనసెట్టా ఉంది?’ అని అడిగేదాన్ని. ఇష్టమైతేనే చెప్పాలి, ఎవరూ నవ్వకూడదు. చెప్పలేకపోతే బొమ్మ వెయ్యొచ్చు. భయమేస్తే పువ్వు వాసన చూసినట్టు మెల్లగా గాలి పీల్చి, వేడి గంజి ఊదినట్టు నిదానంగా వదలమన్నాను. ఊపిరి నెమ్మదిస్తే గుండెదడ కూడా తగ్గుతుంది.

వాడు రెండు వారాలు నోరు విప్పలేదు. పలక నిండా పిచ్చిగీతలే. తర్వాత ఓరోజు ‘నాకు భయం’ అన్నాడు. అంతకుముందు ఎగతాళి చేసిన పిల్లాడే ‘నాకూ’ అన్నాడు!

ఇది నేను కనిపెట్టింది కాదు. ఉద్వేగాన్నీ ఒత్తిడినీ తట్టుకోవడం, ఎదుటివారి బాధ తెలుసుకోవడం వంటి పది జీవన నైపుణ్యాలను బడుల్లో నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే చెప్పింది. 2018లో ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ‘హ్యాపీనెస్’ క్లాసు పెట్టారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. కానీ బెత్తం పక్కన పెట్టేస్తే సరా? దాని బదులు ఏం చెయ్యాలో మనం నేర్చుకోవద్దూ?

వాడి భయం పూర్తిగా పోయిందని చెప్పను. చాలాకాలం ఒడ్డుకే వెళ్లలేదు. కానీ ఓ వానరోజు, ఉరుముకు ఏడుస్తున్న ఒకటో తరగతి పాప పక్కన చేరి ‘నాకూ భయమేలే. గంజి ఊదినట్టు ఊదు’ అంటుంటే నా చెవులతో విన్నాను.

అమ్మలూ! నెలల తరబడి పిల్లలు నిద్రపోకుండా బెదురుతుంటే తప్పకుండా డాక్టరుకు చూపించండి. మిగతా రోజుల్లో మాత్రం, అన్నం పెట్టేటప్పుడు ‘ఎన్ని మార్కులొచ్చాయి?’ అనేముందు ‘ఈపొద్దు మనసెట్టా ఉంది?’ అని అడిగి చూడండి. అడిగి, జవాబు వచ్చేదాకా కాస్త ఆగండి.