వెరిబీ పురవాసుల తీర్పు

మెల్బోర్న్ మహానగరమునకు నైరృతి దిశను, ఒకప్పుడు కూరగాయల తోటలకు పేరొంది, నేడు ఎటు చూచినను కొత్త ఇండ్ల వరుసలతో నిండిపోవుచున్న వెరిబీ ప్రాంతమున 2025 ఫిబ్రవరి 8వ తేదీన జరిగిన ఉప ఎన్నిక, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర శాసనసభయందలి 88 స్థానములలో ఒక్కదానికి మాత్రమే సంబంధించినదై, ప్రభుత్వమును మార్చజాలనిదైనను, ఆ రాష్ట్రపు పాలకపక్షమును తీవ్రముగా కలవరపరచెను.

పదేండ్లపాటు ఆర్థికమంత్రిగా నుండిన టిమ్ పల్లాస్ మంత్రిపదవిని, శాసనసభ్యత్వమును కూడ విడుచుటచే ఈ ఎన్నిక వచ్చినది. వెరిబీ పాలకపక్షమైన లేబర్‌కు పెట్టనికోట. 2022లో పల్లాస్‌కు తొలి లెక్కలోనే సుమారు 45 శాతము ఓట్లు లభించి, తుది లెక్కకు అవి 61 శాతము వరకు పెరిగెను. గెలుపు నిశ్చితమైన చోట నాయకులకు శ్రద్ధ తగ్గుట సహజము. ఆ అశ్రద్ధకు మూల్యము చెల్లించునది అక్కడి ప్రజలే. ఇండ్లు వెలసినంత వేగముగా దారులు వెడల్పు కాలేదు. 2015లో విండమ్ వేల్, టార్నీట్ స్టేషన్లు తెరువబడెనుగాని, అచట ఆగునవి నగరపు విద్యుద్రైళ్లు కావు, జిలాంగ్ మార్గమున నడచు డీజిలు బండ్లు. మరొకవైపు తూర్పు శివార్లలో చెల్టనమ్ నుండి బాక్స్ హిల్ వరకు భూగర్భ రైలుమార్గమునకు ప్రభుత్వము వేలకోట్ల డాలర్లు వెచ్చింపబూనుట చూచి, పడమటి శివార్లవారు నొచ్చుకొనిరనిన, ఆ నొప్పి న్యాయమైనదే.

ఈ పడమటి శివార్లలో తెలుగు కుటుంబములును విశేషముగా నున్నవి. వారిలో పౌరసత్వము పొందినవారు తప్పక ఓటు వేయవలెను. వేయనివారికి జరిమానా కలదు. స్థిరనివాసపు అనుమతి మాత్రమే గలవారికి, పన్నులు చెల్లించుచున్నను, ఓటు లేదు.

ఓటు వేయు తీరు మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికను చూచినవారికి సులభముగా బోధపడును. అదే ఫిబ్రవరి 27న ఉభయ తెలుగు రాష్ట్రములలోను అట్టి ఎన్నికలు జరిగినవి. భేదమేమనగా, మన పట్టభద్రుడు ఒకటవ అంకె వేసి ఊరకుండవచ్చును. విక్టోరియా ఓటరు అభ్యర్థులందరి యెదుటను వరుసగా అంకెలు వేయవలసినదే. ఎవరికిని సగము దాటనిచో, అడుగుననున్న అభ్యర్థిని తొలగించి, అతని ఓట్లను తదుపరి ప్రాధాన్యములను బట్టి ఇతరులకు పంచుదురు. ఈ పద్ధతి యందలి గొప్పతనము నాకు ఇచటనే కనబడుచున్నది: కోపము వచ్చిన ఓటరు తన పాత పక్షమును మొదట శిక్షించి, పిదప, అంతకన్న ఇష్టములేని పక్షమునకు అధికారము దక్కకుండ, ఆ పాత పక్షమునే మరల పైకి తీసికొనిరాగలడు.

వెరిబీవారు చేసినది చాలవరకు ఇదియే. లేబర్ అభ్యర్థి, ఉపాధ్యాయుడును స్వచ్ఛంద అగ్నిమాపకుడును అయిన జాన్ లిస్టర్‌కు తొలి ప్రాధాన్యములు 30 శాతమునకు లోపుగనే వచ్చినవి. అనగా పక్షపు తొలి ఓటు ఇంచుమించు 17 పాళ్లు పడిపోయినది. అయినను, ఆ కోపమంతయు ప్రతిపక్షమైన లిబరల్ పక్షమున కూడలేదు. వారి అభ్యర్థి స్టీవ్ మర్ఫీ సైతము 30 శాతమును అందుకొనజాలకపోయెను; మిగిలిన ఓట్లు స్వతంత్రులకును చిన్న పక్షములకును చెదరెను.

వెరిబీ ఫలితము ఆ రాత్రి తేలలేదు. దినములకొలది లెక్కించిన పిదప లిస్టర్ 51 శాతమైనను నిండకయే గట్టెక్కెను. 2026 నవంబరు సాధారణ ఎన్నికలకు వెరిబీని పెట్టనికోటగా ఎంచుటకు ఇక ఏ పక్షమునకును వీలులేదు.