సమ్మర్‌హిల్: పిల్లల సభ, పిల్లల చట్టం

ఇంగ్లండులోని సఫోక్ కౌంటీలో లైస్టన్ అనే చిన్న పట్టణం ఉంది. ఎ.ఎస్. నీల్ 1921లో స్థాపించిన సమ్మర్‌హిల్ వసతి పాఠశాల 1927 నుంచి అక్కడే నడుస్తున్నది. ఇక్కడ తరగతికి వెళ్లాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టం. రోజంతా చెట్లెక్కినా, వడ్రంగం పనిలో మునిగినా ఎవరూ మందలించరు. అంతమాత్రాన నియమాలు లేవనుకోకండి. మామూలు బడిలో కంటే ఎక్కువే ఉంటాయి. తేడా అల్లా వాటిని చేసేది ఎవరన్నదే. నిద్రవేళలు, తగాదాలు, జరిమానాలు అన్నీ పాఠశాల సభలో తేలతాయి. చిన్న పిల్లవాడికీ ప్రధానోపాధ్యాయుడికీ అక్కడ ఒక్కో ఓటే. నీల్ ప్రతిపాదనలే వీగిపోయిన సందర్భాలున్నాయి. పాఠం మానడం నీ హక్కు, పక్కవాడి నిద్ర చెడగొట్టడం కాదు: నీల్ చెప్పిన స్వేచ్ఛకు, విచ్చలవిడితనానికి భేదం ఇదే. విద్యార్థుల సంఖ్య తక్కువ కావడం వల్లనే ఈ పద్ధతి నిలిచిందని నా అభిప్రాయం.

1999లో ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఈ ఐచ్ఛిక హాజరునే తప్పుపట్టింది. మార్చుకోకపోతే బడి మూతపడే పరిస్థితి. పాఠశాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించింది. 2000 మార్చిలో లండన్‌లో విచారణ సాగుతుండగానే ప్రభుత్వం రాజీకి వచ్చింది. దాన్ని ఒప్పుకోవాలా వద్దా? పిల్లలు ఆ న్యాయస్థానం గదిలోనే సభ జరిపి, ఓటు వేసి ఒప్పుకున్నారు.