పాత కంప్యూటరుకు కొత్త పరుగు

బాలలూ! హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్‌కు ఎప్పుడైనా వెళ్ళారా? గంజ్ అంటే బజారు. టోకు వ్యాపారానికి పేరుపడిన చోటు అది. లారీలు ఆగుతుంటాయి, బస్తాలు దిగుతుంటాయి, హమాలీలు "జరగండి, జరగండి" అంటూ దారి చేసుకుపోతుంటారు. అక్కడి ఒక దుకాణంలో బిల్లులు వేసే కంప్యూటరు బాగా పాతదనుకోండి. ఒక్క బిల్లు రావాలంటే అర నిమిషం పడుతోంది. యజమాని విసుక్కుంటున్నాడు. అప్పుడు ఒక కుర్రవాడు ముందుకొచ్చి, "సేఠ్‌జీ, దీని స్పీడు పెంచేస్తాను. పైసా ఖర్చు లేదు" అన్నాడనుకోండి. ఇది జరిగే పనేనా?

జరిగే పనే. ప్రాసెసరును దానికి నిర్ణయించిన వేగం కంటె ఎక్కువ వేగంతో నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. మరి అది సాధ్యమైతే, తయారు చేసినవాళ్ళే ఆ వేగం ఎందుకు ఇవ్వలేదు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకున్న తరువాతే ఆ పనికి పూనుకోవాలి.

మేస్త్రీ చప్పట్లు

లారీ నుంచి గోదాము వరకు పదిమంది హమాలీలు వరుసగా నిలబడి, చిన్న బస్తాలను చేతులు మార్చుకుంటున్నారని ఊహించండి. మేస్త్రీ చప్పట్లు కొడుతుంటాడు. ఒక్కొక్క చప్పట్టుకు ప్రతి ఒక్కరూ తమ చేతిలోని బస్తాను పక్కవానికి అందించాలి. చప్పట్లు వేగంగా పడితే బస్తాలు వేగంగా కదులుతాయి. కాని ఒక హద్దు ఉంది. పదిమందిలో అందరికంటె నెమ్మదైన వాడు బస్తా అందుకోక ముందే తరువాతి చప్పట్టు పడితే ఏమవుతుంది? బస్తా జారిపోతుంది. అంటే మొత్తం వరుస వేగాన్ని నిర్ణయించేది అందరికంటె నెమ్మదైన మనిషే.

కంప్యూటరులోనూ ఇలాంటి మేస్త్రీ ఒకడున్నాడు. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో తెచ్చిన టి.డి.సి.-12 కంప్యూటరు మొదలు నేటి సెల్‌ఫోను వరకు అన్నిటిలోనూ టిక్కు టిక్కుమని తాళం వేసే ఒక గడియారం ఉంటుంది. ఇది ముళ్ళున్న గడియారం కాదు. క్వార్ట్‌జ్ స్ఫటికపు కంపనాల ఆధారంగా పుట్టే విద్యుత్ సంకేతం. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 ప్రాసెసరులో ఈ టిక్కులు సెకనుకు 7,40,000. 2007లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600లో సెకనుకు 240 కోట్లు, అంటే 2.4 గిగాహెర్ట్‌జ్‌లు. అక్కడ ఒక టిక్కుకూ మరొక టిక్కుకూ మధ్య వ్యవధి సెకనులో వంద కోట్లవ వంతులో సగం కూడా లేదు. ఆ కొద్ది కాలంలో కాంతి సైతం 12.5 సెంటీమీటర్లకు మించి పోలేదు! అంతలోపలే విద్యుత్ సంకేతం ఎన్నో ట్రాన్సిస్టర్లను దాటి గమ్యం చేరాలి.

దాచిపెట్టిన వేగం

ఒకే సిలికాన్ పలక మీద తయారైన చిప్‌లు కూడా అన్నీ ఒకేలా ఉండవు. ఒకే చేను వడ్లలో కొన్ని గింజలు గట్టిగా, కొన్ని పేలవంగా ఉంటాయి కదా! కర్మాగారంలో ప్రతి చిప్‌నూ పరీక్షించి, దాని సామర్థ్యాన్ని బట్టి వేగాన్ని నిర్ణయిస్తారు. ఎండాకాలమైనా, ఫ్యానుకు దుమ్ము పట్టినా, ఏళ్ళు గడిచినా తప్పు చేయకుండా నడిచే వేగాన్నే దాని మీద ముద్రిస్తారు. కాబట్టి ఆ అంకె చిప్ చేరుకోగల చివరి హద్దు కాదు. అది తయారీదారు మనకిచ్చిన మాట. ఆ మాటకూ అసలు హద్దుకూ మధ్య కొంత జాగా మిగిలి ఉంటుంది. ఓవర్‌క్లాకింగ్ అంటే ఆ జాగాను వాడుకోవడమే.

1998లో వచ్చిన సెలరాన్ 300ఏ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దాని మూల గడియారం 66 మెగాహెర్ట్‌జ్‌లు. ప్రాసెసరు దాన్ని నాలుగున్నర రెట్లు చేసుకొని 300 వేగంతో నడిచేది. మూల గడియారాన్ని 100కు పెంచితే 450 అవుతుంది. చాలా చిప్‌లు ఆ వేగాన్నీ తట్టుకున్నాయి. చౌక చిప్ ఖరీదైన చిప్‌తో పోటీపడింది!

వేడి లెక్క

అయితే ఈ జాగా ఉచితంగా రాదు. ట్రాన్సిస్టరు మారాలంటే దానిలో కొంత విద్యుదావేశం నిండాలి. వోల్టేజి పెంచితే అది త్వరగా నిండుతుంది. అందుకే వేగం పెంచినపుడు తడబడే చిప్‌కు కొద్దిగా వోల్టేజి పెంచితే కుదుటపడుతుంది. కాని పుట్టే వేడి వేగానికి అనులోమానుపాతంలోనూ, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలోనూ పెరుగుతుంది. ఒక లెక్క చేసి చూద్దాం.

క్యూ6600 రకాల్లో ఒకదానికి ఇంటెల్ చెప్పిన వేడి 95 వాట్లు. వేగాన్ని 2.4 నుంచి 3.0 గిగాహెర్ట్‌జ్‌లకు పెంచామనుకోండి. అది 1.25 రెట్లు. వోల్టేజిని నూటికి పది పెంచామనుకోండి. 1.1 వర్గం 1.21. ఈ రెంటినీ గుణిస్తే 1.51. అంటే వేడి సుమారు 143 వాట్లు. వేగం నాలుగో వంతు పెరిగితే వేడి సగం పైగా పెరిగింది.

ఇప్పుడు చిప్ మీద బిగించిన అల్యూమినియం రెక్కలు, ఫ్యాను కలిసి ఒక్కొక్క వాటుకు 0.3 డిగ్రీల చొప్పున, గది కంటె చిప్ మూత ఉష్ణోగ్రతను పెంచుతాయనుకుందాం. 143 వాట్లకు ఇది 43 డిగ్రీలు. డిసెంబరులో గది 20 డిగ్రీలుంటే మూత 63 డిగ్రీలకు చేరుతుంది. ఈ రకం చిప్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 71 డిగ్రీలు. కాబట్టి అంతా సవ్యమే. కుర్రవాడు గెలిచాడు!

కాని మే నెల రానివ్వండి. హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. గది 40 డిగ్రీలకు చేరితే మూత 83 డిగ్రీలు! హద్దు దాటిపోయింది. అదే అసలు వేగంతో నడిపి ఉంటే? 95 వాట్లకు 28.5 డిగ్రీలు పెరిగి, 68.5 దగ్గర నిలిచేది. హద్దుకు లోపలే. చూశారా! డిసెంబరులో వృథాగా పడి ఉన్నట్టు కనిపించిన జాగా నిజానికి వృథా కాదు. అది మే నెల కోసం దాచిపెట్టినది.

వేడెక్కిన చిప్‌కు మరో చిక్కు కూడా ఉంది. వేడిలో ట్రాన్సిస్టర్లు సాధారణంగా నెమ్మదిస్తాయి, తీగల నిరోధం పెరుగుతుంది. మేస్త్రీ చప్పట్లు వేగంగా కొడుతున్న సమయానికే హమాలీలు అలసిపోయారన్నమాట. అంతే కాదు, ఎక్కువ వేడిలో, ఎక్కువ విద్యుత్ ప్రవాహంలో చిప్ లోపలి సన్నని తీగల లోహపు పరమాణువులు మెల్లమెల్లగా చోటు మారతాయి. దానితో చిప్ ఆయుష్షు తగ్గుతుంది.

నడవడం వేరు, తప్పు లేకుండా నడవడం వేరు

కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతే మనకు వెంటనే తెలుస్తుంది. అది చిన్న నష్టం. ఆగకుండా, చెప్పకుండా తప్పు చేయడం పెద్ద నష్టం. కంప్యూటరు అంకెలను 0, 1 రూపంలో దాచుకుంటుంది. 12,500 అనే సంఖ్యలో 4,096 విలువ గల స్థానంలో 1 ఉంటుంది. ఒక సంకేతం ఆలస్యమై ఆ 1 కాస్తా 0 అయితే, 12,500 రూపాయల బిల్లు 8,404 రూపాయలవుతుంది. తెర మీద అంతా మామూలుగానే ఉంటుంది. హమాలీల వరుసలో బస్తా జారిపడలేదు. కందిపప్పు వెళ్ళవలసిన చోటికి శనగపప్పు వెళ్ళింది, అంతే. దుకాణదారు నష్టం తెలుసుకునేది ఎప్పుడో లెక్కలు సరిచూసుకున్నప్పుడే.

అందుకే "గంటసేపు పనిచేసింది, ఇంకేం కావాలి?" అనుకోకూడదు. స్థిరంగా ఉందనడానికి రుజువు ఒక్కటే: సరైన జవాబు ముందే తెలిసిన లెక్కలను గంటల తరబడి చేయించి, ప్రతిసారీ అదే జవాబు వచ్చిందా అని చూడటం. ప్రైమ్95 అనే ప్రోగ్రాము చేసే పరీక్ష ఇదే. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతకడానికి పుట్టిన ప్రోగ్రాము అది. జ్ఞాపకశక్తిని, అంటే ర్యామ్‌ను, పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86 ఉంది.

ఎలా చేయాలి?

పనికిరాదని పక్కన పెట్టిన కంప్యూటరు మీద, పెద్దల సహాయంతో ప్రయత్నించండి. దుకాణం లెక్కలున్న యంత్రం జోలికి మాత్రం వద్దు. కరెంటు సరఫరా చేసే ఇనుప డబ్బాను ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఆవేశం నిలిచి ఉండవచ్చు.

ముందు ప్లగ్గు తీసి, ఫ్యాను మీద, రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును మెత్తని కుంచెతో దులపండి. ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది పూయించండి. చాలా పాత కంప్యూటర్లు నెమ్మదించడానికి ఒక కారణం ఇదే. చిప్ బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అలా పోయిన వేగం తిరిగి రావడానికి ఓవర్‌క్లాకింగ్ అక్కరలేదు.

తరువాత బయోస్‌లోని పాత అంకెలన్నిటినీ ఒక కాగితం మీద రాసుకోండి. క్యూ6600లో మూల గడియారం 266, దానికి 9 రెట్లు 2.4 గిగాహెర్ట్‌జ్‌లు. ఈ 266ను ఒకేసారి 333 చేయకండి. అయిదు, పది చొప్పున పెంచండి. ర్యామ్ వేగం కూడా దానితోపాటే పెరుగుతుంది కనుక దాని నిష్పత్తిని తగ్గించండి. పి.సి.ఐ. గడియారాన్ని దాని మామూలు అంకె దగ్గరే ఉంచండి. లేకపోతే డిస్కులోని సమాచారం పాడుకావచ్చు. ప్రతి మెట్టు దగ్గర ఆగి, ఉష్ణోగ్రత రాసుకొని, పరీక్ష నడపండి. ఒక్క తప్పు వచ్చినా ఆ మెట్టు పనికిరాదు. తప్పు రాని చివరి మెట్టు నుంచి కూడా రెండు మెట్లు కిందికి దిగి స్థిరపడండి. యంత్రం అసలు తెరుచుకోకపోతే భయపడకండి. ప్లగ్గు తీసి, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీని కాసేపు తీసి పెడితే పాత అంకెలు తిరిగి వస్తాయి. ఇక వేసవి రాగానే అన్ని పరీక్షలూ మళ్ళీ చేయాలి.

మరి ఉస్మాన్‌గంజ్ సేఠ్‌గారికి ఏం చెప్పాలి? బిల్లు ఆలస్యమవుతుంటే, దుమ్ము దులిపించి, పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. వేయించమని చెప్పండి. ఆయనకు కావలసిన తేడా అందులోనే ఎక్కువ కనిపిస్తుంది, లెక్కలకూ భయం ఉండదు.

చివరగా మీకొక లెక్క. క్యూ6600 వోల్టేజిని మార్చకుండా, మూల గడియారాన్ని 300కు పెంచారనుకోండి. రెక్కలు, ఫ్యాను పైన చెప్పినవే. 71 డిగ్రీల హద్దు దాటకుండా ఉండాలంటే గది ఉష్ణోగ్రత ఎంత వరకు ఉండవచ్చు? జవాబు కనుక్కొని, మీ ఇంటి గదిలో మే నెల మధ్యాహ్నం ఉష్ణమాపకంతో కొలిచి చూడండి. ఆ వేగం మీ ఇంటికి తగునో తగదో మీకే తెలుస్తుంది.