పెంపుడు జింకలను రాష్ట్రము దాటించుట: అమెరికా దేశపు నిబంధనలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, విశేషించి టెక్సాస్ రాష్ట్రమున, కాపురముండు మన తెలుగువారు పట్టణము విడిచి పల్లెలమీదుగా ప్రయాణము చేయునపుడు బాటప్రక్కన చాలదూరము సాగిన ఎత్తైన తీగకంచెలను చూచుచుందురు. ఆవులకును గొఱ్ఱెలకును రొమ్మెత్తు కంచె చాలును. ఇవి నిలువెత్తు మనిషిని మించి ఎనిమిదడుగు లుండును. వాని లోపల మేయునవి జింకలు. అవి అడవిలో స్వేచ్ఛగా తిరుగునవి కావు. చెవులకు బిళ్లలు తగిలించి, పుట్టుకలు చావులు చిట్టాలో వ్రాసి, ఆవులవలెనే కొని యమ్ముకొను పశువులు. ఈ సంగతి విన్న మన రైతులలో కొందఱికి, ఇట్టి పెంపకము మనకును లాభించునా యను ప్రశ్న పుట్టుట సహజము. దానికి ప్రత్యుత్తర మొక్కమాటతో ముగియును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన చుక్కలదుప్పిని, కణుజును వేటాడుటయు, వాని మాంసము నమ్ముటయు మన దేశమున నేరము. కావున ఆ వ్యాపారము మనకు లేదు. అయినను, ఆ దేశపు రైతు ఒక జింకను ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు చేర్పవలెనన్న ఎన్ని పత్రములు సమకూర్పవలయునో, ఆ పత్రము లేల పుట్టెనో తెలిసికొనుట, పాడిపశువులను పరరాష్ట్రములనుండి తెప్పించుకొను మన సంఘసభ్యులకు నిరుపయోగము కాదు.

అచ్చట పెంచునవి ముఖ్యముగా తెల్లతోక జింకయు, మన కణుజును పోలిన ఎల్కును. ఎఱ్ఱజింక, ఫాలోజింక మొదలగు పరదేశపు జాతులును కలవు. మాంసముకొఱకు కొందఱు పెంతురు. ఎల్కుల లేతకొమ్ములను కోసి తూర్పు ఆసియా దేశముల మందుల వర్తకులకు అమ్ముటకై కొందఱు పెంతురు. తెల్లతోక జింకల పెంపకమునందలి లాభము మాత్రము ముదురు కొమ్ములలోనే యున్నది. రుసుము చెల్లించినవారికి కంచె లోపల వేటాడ ననుజ్ఞ యిచ్చు వేటభూములు ఆ దేశమున కలవు. వానికి గొప్ప కొమ్ముల పోతులను సమకూర్చుటయు, అట్టి సంతతినిచ్చు విత్తనపు పోతులను అమ్ముటయు ఈ వృత్తివారి జీవనము. పేరుగల పోతు వేలకొలది డాలర్లు పలుకును. మంచి విత్తన మెచ్చట నున్న నచ్చటినుండి తెచ్చుకొనవలెనని కోరుట పశుపోషకునికి సహజమే గదా! చిక్కంతయు నచ్చటనే మొదలైనది.

1967వ సంవత్సరమున కొలరాడో రాష్ట్రమందలి ఫోర్ట్ కాలిన్స్ పట్టణము నొద్ద, పరిశోధనకై కట్టి పెంచుచున్న జింకలలో నొక వింతజబ్బు కానవచ్చెను. జింకలు నానాటికి చిక్కిపోయి, తలలు వాల్చి, నోట చొంగ కార్చుచు, మాటిమాటికి నీరు త్రాగుచు, కడపట చచ్చుచుండెను. చాలకాలమువఱకు కారణ మెవ్వరికిని తెలియదు. 1970 దశాబ్దము చివర ఎలిజబెత్ విలియమ్స్ అను పశువైద్య పరిశోధకురాలు చచ్చిన జింకల మెదళ్లను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అవి స్పంజివలె తూట్లుపడి యుండుట కనిపెట్టెను. గొఱ్ఱెలకు వచ్చు స్క్రేపీయు, పిమ్మట ఇంగ్లండులో బయటపడిన పిచ్చి ఆవు జబ్బును ఈ వ్యాధికి దాయాదులు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని ఆ దేశమువారు దీనికి పేరిడిరి. మనము దీర్ఘక్షీణ రోగ మనవచ్చును.

దీనికి కారణము సూక్ష్మజీవి కాదు. ప్రయాన్ అను వికృతమైన మాంసకృత్తు. దానికి ప్రాణము లేదు గనుక సూక్ష్మజీవులను చంపునట్లు దానిని చంపుటకును వీలులేదు. వంటపొయ్యి వేడికి గాని, పశువుల కొట్టములలో చల్లు సామాన్యమైన మందునీళ్లకు గాని అది నశింపదు. చొల్లు, మూత్రము, పేడ, కళేబరము, వీని మూలమున నేలలో చేరి ఏండ్లతరబడి యట్లే యుండును. టీకా లేదు, చికిత్స లేదు, రోగము ముదిరిన జింక బ్రతుకదు. ఇది మనుష్యులకు సోకినట్లు ఇంతవఱకు రుజువు కాలేదు. అయినను రోగము నిర్ధారణమైన జింక మాంసమును తినవలదని ఆ దేశపు ఆరోగ్యాధికారులు హెచ్చరించుచున్నారు.

ఇందు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. గాలికుంటు సోకిన పశువు సాధారణముగ రెండువారములలోపల నోటను గిట్టలయందును పుండ్లు చూపును. పూర్వము మన మందలను తుడిచిపెట్టిన ముసర వ్యాధి, అనగా రిండర్‌పెస్టు, కూడ అట్లే త్వరలో బయటపడెడిది. అందువలననే క్రొత్తపశువును కొన్నాళ్లు వేఱుగా కట్టి కనిపెట్టుట ఫలించెను. టీకాలు దానికి తోడై, ఆ వ్యాధి లోకమునుండియే తొలగినదని 2011లో ప్రకటించిరి. జింకల రోగము తీరు వేఱు. సోకిన పిమ్మట ఏడాదిన్నర, రెండేండ్లు జింక నిగనిగలాడుచు తిరుగును. పైకి జబ్బు కానరాకయే తోడిజింకలకు దాని నంటించుచుండును. నెలదినములు వేఱుకట్టి చూచిన ఏమి తెలియును? 1996లో కెనడా దేశపు సస్కాచ్వాన్ రాష్ట్రమున ఒక ఎల్కుమందలో ఈ రోగము బయటపడగా, విచారణలో అది దక్షిణ డకోటానుండి కొనితెచ్చిన ఎల్కులతో వచ్చినదని తేలెను. కెనడానుండి ఎల్కులను కొనిన దక్షిణ కొరియాలో 2001లో బయటపడెను. అడవిజింక కాలినడకన పోగల దూరము కొలదిగనే యుండును. మహాసముద్రము దాటించినది మాత్రము బేరమే.

బ్రతికియున్న జింకను చూచి ఆరోగ్యము నిర్ణయించుటకు వీలులేదు గనుక, దాని మంద చరిత్రను చూచి నిర్ణయించు పద్ధతి నేర్పడచిరి. 2012లో అమెరికా కేంద్ర వ్యవసాయశాఖవారు విధించిన నిబంధనలకు మూల మిదియే. మంద యజమాని తన రాష్ట్రపు పశువైద్యాధికారియొద్ద మందను నమోదు చేయించుకొనవలెను. నమోదైన నాటినుండి అయిదేండ్లు దోష మేమియు కానరాకున్న అది ధ్రువీకృత మంద యగును. నేరుగా కోతకు పోవునవి మొదలగు కొన్నింటిని విడిచినచో, అట్టి మందలోని జింకకే రాష్ట్రము దాటు నర్హత కలదు.

ఆ అయిదేండ్లు ఊరక గడపునవి కావు. ప్రతి జింకకును రెండు గుర్తులు తగిలింపవలెను. అందొకటి దేశము మొత్తముమీద మఱి దేనికిని లేని సంఖ్య గల సర్కారుబిళ్ల కావలెను. ఏటేట చిట్టాను సరిచూడవలెను. మూడేండ్లలోపల నొకసారియైన అధికారియెదుట జింక నొక్కొక్కదానినే పట్టి బిళ్లలను చిట్టాతో పోల్చవలెను. కంచె దాటి తప్పించుకొనినదాని సంగతి తెలుపవలెను. వీని నన్నిటిని మించినది చావు లెక్క. పండ్రెండు నెలలు నిండిన ఏ జింక చచ్చినను, జబ్బుచేత గానిండు, పోట్లాటచేత గానిండు, యజమాని తానే కోతకు పంపుటచేత గానిండు, ఆ సంగతి తెలిపి, మెదడు అడుగుభాగమందలి ఓబెక్స్ అను చిన్నముక్కను, గొంతు వెనుకనుండు లసికాగ్రంథులను పరీక్షకు పంపవలెను. ఎండకాలమున కంచె మూలలో చచ్చి రెండుదినములు పడియుండిన కళేబరమునుండి తీసిన ముక్క కుళ్లి పరీక్షకు పనికిరాదు. కావున మంచి యజమాని ప్రతిదినము మందను లెక్కించును. ఇన్ని చేసి నాలుగేండ్లు గడపినవాడు ఆశపడి, నిన్న మొన్న నమోదైన మందనుండి ఒక్క పోతును కొని కలిపెనా, అతని మంద మొత్తము ఆ క్రొత్త మంద స్థాయికి దిగిపోవును. అయిదేండ్ల లెక్క మరల మొదటినుండియే.

మనలో గేదెను కొనువాడు పండ్లు చూచును, పొదుగు పితికి చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అచ్చటి కొనుగోలుదారుడు జింకను ఎంత చూచినను తెలియున దేమియు లేదు. అతడడుగవలసినది మందలో చచ్చినవి ఎన్ని, పరీక్షకు పోయినవి ఎన్ని, పనికిరాక తిరిగివచ్చిన ముక్కలెన్ని యని. ఈ మూడవ ప్రశ్ననే చాలమంది మఱతురని నా యభిప్రాయము.

ఇక పత్రముల వరుస. కొనువాడు మొదట తన రాష్ట్రపు పశువైద్యాధికారి కార్యాలయమున విచారింపవలెను. ఏలన కేంద్రపు నిబంధన లొకటియైనను, రాష్ట్రమునకు రాష్ట్రమునకు కట్టుబాట్లు వేఱు. కొన్ని రాష్ట్రములు బయటిజింకను అసలే రానీయవు. రోగము కానవచ్చిన ప్రాంతమునకు ఇన్ని మైళ్లలోపలనున్న మందనుండి రారాదని కొన్ని విధించును. చాలరాష్ట్రములలో జింకలపై అధికారము వ్యవసాయశాఖ, వేటశాఖ, ఈ రెండింటి నడుమ పంచుకొనబడి యున్నది గనుక ఒకచోట దొరకిన అనుమతి రెండవచోట చెల్లకపోవచ్చును. అన్నియు కుదిరిన పిమ్మట అనుమతి సంఖ్య నిత్తురు. జింకను బండి నెక్కించుటకు ముందే ఆ సంఖ్య చేతిలో నుండవలెను.

పిమ్మట క్షయ పరీక్ష. ఆవులకు వచ్చు క్షయయే జింకలకును వచ్చును. మిచిగన్ రాష్ట్రపు ఈశాన్యభాగమున 1990 దశాబ్దమునుండి అడవిజింకలలో అది నెలకొని, ఆవులమందలకు మరల మరల సోకుచున్నది. క్షయలేని మందగా గుర్తింపు పొందని మందనుండి వచ్చు జింకకు సాధారణముగ తొంబది దినముల యెడముతో రెండు పరీక్షలు జరుపవలెను. మెడమీద బొచ్చు గొఱిగి, ట్యూబర్కులిన్ మందును చర్మములోనికి ఎక్కించి, డెబ్బదిరెండు గంటలు గడచిన పిమ్మట వాపును తడవి చూతురు. మన గేదెలకు జరుపు పరీక్షయు నీ తీరుదే. అయితే గేదె గుంజకు కట్టిన నిలుచును. జింక యట్లు నిలువదు. దానిని చీకటిగదిలోనికి మెల్లగా తోలి, మెత్తలు కట్టిన ఇఱుకుబోనులో బిగింపవలెను. పెనుగులాటచేత కండరములు చెడి, పట్టిన కొన్నినాళ్లకు చచ్చు జింకలును కలవు. ఒక్కొక్క పరీక్షకు రెండుసార్లు పట్టవలసియుండుట ఈ వృత్తివారికి పెద్ద భయము. ఒక్కసారి పట్టి తీసిన రక్తముతో క్షయను కనుగొను పరీక్ష ఒకటి ఇప్పుడు అంగీకరింపబడి యుండుట వారికి మేలైనది. ఈచుకుపాటు రోగమగు బ్రూసెల్లోసిసునకు కూడ రక్తపరీక్షను చాలరాష్ట్రములు కోరును. ఎల్లోస్టోన్ ప్రాంతపు అడవి ఎల్కులలో ఆ రోగమున్నది గనుక ఎల్కుల విషయమున ఈ పట్టుదల హెచ్చు.

కడపట ప్రభుత్వగుర్తింపు గల పశువైద్యుడు జింకలను చూచి తనిఖీ ధ్రువపత్రము వ్రాయును. అందు ప్రతిజింక బిళ్లసంఖ్య, పంపువాని యొక్కయు కొనువాని యొక్కయు చిరునామాలు, ప్రయాణకారణము, పరీక్షల ఫలితములు, అనుమతిసంఖ్య, మంద ధ్రువీకృతమైనదను వాక్యము ఉండవలెను. అది సామాన్యముగ ముప్పదిదినములు చెల్లును. బిళ్లమీది అంకె యొకటి పత్రములో తప్పుపడినను బండి సరిహద్దునుండి మరలవలసి వచ్చును. పత్రములు లేక దొంగతనముగ దాటించినవాని గతి మఱింత కష్టము. ఒక రాష్ట్రపు చట్టమును మీఱి ఇట్టి జంతువును సరిహద్దు దాటించుట 1900వ సంవత్సరపు లేసీ చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వమునెడ నేరమగును. జరిమానాయే గాక చెఱసాలయు కలదు.

ఇంత చేసినను రోగము ఆగినదా యన్న, ఆగలేదని చెప్పవలసియున్నది. ముప్పదికి పైగా రాష్ట్రములలో నది కానవచ్చినది. ధ్రువీకృతమైన మందలలోనే బయటపడిన సందర్భములును పెక్కు గలవు. అయిదేండ్లలో చచ్చినవి కొలదియైనచో పరీక్షకు దొరకునవియు కొలదియే. రోగము గల జింక ఆ కొలదిలో పడకపోవచ్చును. కంచెకు ఇవతలి జింకయు అవతలి అడవిజింకయు మూతులు కలుపుకొనుటయు కలదు. 2015లో టెక్సాస్ రాష్ట్రపు మెడీనా కౌంటీలో ఒక పెంపకపుమందలో రోగము కనబడగా, ఆ రాష్ట్రమంతట పెంపకపుజింకల రవాణా కొంతకాలము నిలిచిపోయెను. ఆ మందనుండి జింకలు కొనినవారి దొడ్లన్నియు విచారణలో పడెను. అటుపిమ్మట బ్రతికిన జింకనుండియే చిన్నముక్క గిల్లి పరీక్షించు పద్ధతిని ఆ రాష్ట్రము కొన్ని రవాణాలకు విధించినది. అదియు రోగము ముదిరినదానినే గాని నిన్న సోకినదానిని పట్టలేదు. ఫ్లోరిడా రాష్ట్రము 2013లోనే బయటిజింకలకు తలుపు మూసెను. అయినను 2023లో అచ్చటి అడవిజింక యొకదానిలో రోగము కానవచ్చెను.

మందలో రోగము కనబడిన సాధారణముగ మందనంతయు చంపుదురు. కేంద్రప్రభుత్వము ధనము చాలినంతవఱకు వెల కట్టిన ధరలో నూటికి తొంబదియైదు వంతులవఱకు ఇయ్యవచ్చును గాని, జింక యొక్కంటికి మూడువేల డాలర్లు మించదు. పదివేలు పోసి విత్తనపుపోతును కొనినవానికి మిగులున దెంతో పాఠకులే లెక్కకట్టుకొనవచ్చును. నేలకు వెల కట్టువారు లేరు. విస్కాన్సిన్ రాష్ట్రమున ఆల్మండ్ గ్రామము నొద్ద నొక దొడ్డిలో 2006లో చంపిన 76 జింకలలో 60 రోగముగలవిగా తేలెను. జింకలు పోయినను ప్రయాన్ నేలలో మిగిలి యుండునను భయముచేత 2011లో రాష్ట్రప్రభుత్వము ఆ భూమిని తానే కొనెను. పూర్వము లోపలిజింకలు బయటకు పోకుండ కట్టిన కంచెను, బయటిజింకలు లోపలికి చొరకుండుటకై నిలిపి యుంచిరి.